వందేళ్ళ నాటకశాల బాగుచేత: పాత సున్నమంతా కొట్టేసి సిమెంటు పూస్తామంటున్నారు, ఏం చెయ్యాలి?

తెరతాడు
మా నాటక సమాజం చేతికి ఒక పాత నాటకశాల వచ్చింది. వందేళ్ళు దాటిన కట్టడం. ఇరవై ఏళ్ళకు పైగా తాళం వేసి ఉంది. ఇటుక గోడలు, సున్నం పూత, చెక్క దూలాల కప్పు, గుర్రపు నాడా ఆకారంలో బాల్కనీ, చెక్క కుర్చీలు. బాగుచేయడానికి ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి ప్లాన్ ఇచ్చాడు. పాత పూతంతా కొట్టేసి సిమెంటు, కింద కార్పెట్, పైన ఫాల్స్ సీలింగ్, మెత్తటి కుర్చీలు, ఏసీ, బాల్కనీ అంచుకు బంగారు రంగు. కమిటీలో సగం మంది "అబ్బ, కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది" అని ఊగిపోతున్నారు. నాకేమో ఎక్కడో గుచ్చుకుంటోంది. ఏమిటో చెప్పలేకపోతున్నాను. మీటింగులో నోరు తెరిస్తే "మీకు పాత చింతకాయ పచ్చడి అంటే ఇష్టం" అని కూర్చోబెడుతున్నారు. ఇలాంటి పని చేసినవాళ్ళు, చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

వెనకబెంచి
ఆయన కప్పు ఎక్కి చూశాడా?

తెరతాడు
లేదు. కింద నుంచి టార్చి వేశాడు. బాల్కనీలో మూడు చోట్ల బకెట్లు పెట్టి ఉన్నాయి, అవి చూసి నవ్వాడు.

వెనకబెంచి
సరిపోయింది. బకెట్లు చూసి నవ్వేవాడికి పని ఇవ్వకండి.

సున్నపుతట్ట
వెనకబెంచి గారు ఒక్క ముక్కలో చెప్పేశారు, నేను విడమరుస్తాను. పాత కట్టడానికి మొదటి శత్రువు నీళ్ళు. పైనుంచి కారేవి, కింద నుంచి గోడలోకి పాకేవి, మూసుకుపోయిన తూముల్లో నిలిచేవి. అవి ఆగకుండా లోపల ఏం చేసినా వృథా. కప్పు, తూములు, గోడ చుట్టూ నీళ్ళు పోయే వాలు, ఈ మూడూ అయ్యాకే మిగతా పని.

దూలాల మధ్య భాగం చూసి గట్టిగా ఉన్నాయని మోసపోకండి. గోడలోకి దూరిన చివరలు ముందు కుళ్ళుతాయి, చెమ్మ అక్కడే ఉంటుంది కాబట్టి. సూదిగా ఉన్న స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి, సుత్తితో తట్టి వినాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, కుళ్ళింది బొదబొదమంటుంది. చివర రెండడుగులు పోయిందని దూలం మొత్తం తీసేయక్కర్లేదు. పోయినంత కోసి అదే జాతి చెక్క అతికే పని తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు.

ఇక సిమెంటు. పాత ఇటుక మెత్తనిది, చెమ్మ పీలుస్తుంది. సున్నం పూత ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇటుకలోనే ఉండిపోయి, దానితో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. పైకి గోడ నున్నగా, అద్దంలా ఉంటుంది. లోపల పిండి.

జిగేల్
ఇదంతా వినడానికి బాగుంది కానీ దేశమంతా సిమెంటు మీదే నిలబడి ఉంది కదా? సున్నం పని చేసే మేస్త్రీలు ఎక్కడున్నారు? దొరికినా గానుగ సున్నం ఆరేదెప్పుడు, మీరు నాటకం వేసేదెప్పుడు? పాతదంటే చాలు కొందరికి కళ్ళు చెమరుస్తాయి. గోడలకు కాదు చెమ్మ, మీకే.

సున్నపుతట్ట
జిగేల్ గారూ, సిమెంటు చెడ్డదని నేను అనలేదు. సిమెంటుతో కట్టిన గోడకు సిమెంటు పూయండి, దివ్యంగా ఉంటుంది. మెత్తటి ఇటుక మీద అంతకంటే గట్టి పూత పడితే నష్టపోయేది ఇటుకే.

నేను పనిచేసిన ఒక పాత సభామందిరంలో ఇదే జరిగింది. నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు పూశారు, చెమ్మ కనిపించకూడదని. రెండేళ్ళకు ఆ చెమ్మ సిమెంటు అంచు దాటి ఆరడుగుల ఎత్తుకు ఎక్కి కనిపించింది. మళ్ళీ కొట్టేస్తే పూతతో పాటు ఇటుక ముఖాలు పెచ్చులుగా ఊడొచ్చాయి. ఆ రోజు మేస్త్రీ మొహం ఇంకా గుర్తుంది.

ఆరే సంగతి నిజమే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. తొందరపెడితే పగులుతుంది. పల్చటి పొరలుగా, ఒకటి బిగిశాక ఇంకొకటి వేసుకోవాలి.

ప్రతిధ్వని
గోడల గురించి అందరూ మాట్లాడతారు, చెవుల గురించి ఎవరూ మాట్లాడరు. తెరతాడు గారూ, మీకు గుచ్చుకుంటున్నది బహుశా ఇదే. కార్పెట్, ఫాల్స్ సీలింగ్, మెత్తటి కుర్చీలు మూడూ కలిపి పెడితే మీ నాటకశాల గొంతు నొక్కేసినట్టే.

ఒక కథ. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి ఆ పని అప్పగించారు. ఒక్క మాట అంటే ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. ఆయన రాత్రిళ్ళు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి పరవడం, ఆర్గన్ వాద్యపు గొట్టం ఊదడం, స్టాప్‌వాచ్ పట్టుకుని వినడం. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్ళీ అక్కడ పెట్టేసేవాడు. గదుల శబ్దశాస్త్రం మొదలైంది ఆ మెత్తల లెక్కతోనే. గది ఘనపరిమాణం పెరిగితే మోత పెరుగుతుంది, పీల్చుకునే వస్తువులు పెరిగితే తగ్గుతుంది.

మాటల నాటకానికి మోత ఒక సెకను దగ్గర్లో ఆగాలి. పద్యం, పాట ఉంటే ఇంకాస్త ఉన్నా బాగుంటుంది. బొత్తిగా లేకపోతే నటుడు దిండులోకి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, అప్పుడు ప్రతివాడికీ మైకు కట్టాలి. కాబట్టి ఏదీ ముట్టుకోకముందే ఇప్పుడున్న శబ్దాన్ని రికార్డు చేసి పెట్టుకోండి. ఖాళీ హాల్లో వేదిక మీద బెలూన్ పగలగొట్టి పది చోట్ల నుంచి రికార్డు చేసినా మొదటి లెక్కకు పనికొస్తుంది. వెనిస్‌లోని లా ఫెనీచే నాటకశాల 1996 జనవరిలో కాలిపోవడానికి రెండు నెలల ముందు ఒక పరిశోధకుడు దాని శబ్దాన్ని కొలిచి పెట్టాడు. మళ్ళీ కట్టేటప్పుడు ఆ కొలతలు చేతికొచ్చాయి.

గబ్బిలం
ఇరవై ఏళ్ళ తర్వాత తలుపు తెరిచి మొదటి ప్రదర్శనగా బెలూన్లు పగలగొట్టడమా. మా వాళ్ళు ఎగిరిపోతారు.

వెనకబెంచి
గబ్బిలం గారి బంధువుల సంగతి నవ్వులాట కాదు. మూసి ఉన్న హాల్లో పావురాల, గబ్బిలాల రెట్ట గుట్టలుగా ఉంటుంది. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ములోని బూజు ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేస్తుంది. తడిపి తీయాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకొద్దు. అగ్ని తెర (మంట హాల్లోకి రాకుండా వేదిక ముందు దించేది) గానీ పైకప్పు రేకులు గానీ ఉంటే అందులో ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు చెరుపు చేసే రాతినార) ఉందేమో ముందు పరీక్ష చేయించండి. ఉత్సాహంగా కుర్రాళ్ళకు చీపుర్లు ఇచ్చి శ్రమదానం పెట్టకండి, దండం పెడతాను.

మూడోగంట
ప్రతిధ్వని గారు చెప్పింది నటుడిగా ఒప్పుకుంటాను. పాత హాల్లో గుసగుసగా "ఎవరదీ" అన్నా బాల్కనీ చివరి వరస ఉలిక్కిపడేది. అదే హాలుకు హంగులు చేశాక వేశాం. నా గొంతు నాకే వినపడలేదు. రెండో అంకానికి బొంగురు పోయింది. ప్రేక్షకులకు మాత్రం ఏసీ చప్పుడు చక్కగా వినిపించిందట.

జిగేల్
సరే, చెవులకు హాయి. నడుముకో? మూడు గంటలు చెక్క కుర్చీలో కూర్చోబెడితే మీ గుసగుస ఎవడు వింటాడు? ఇంట్లో సోఫాలో కూర్చుని చూసేవాడిని రప్పించాలంటే కాస్త సుఖం ఇవ్వాలి. మీరంతా కట్టడం కోసం మాట్లాడుతున్నారు, ప్రేక్షకుడి కోసం ఒక్కరూ మాట్లాడటం లేదు.

పాతకుర్చీ
పేరు పాతకుర్చీ పెట్టుకుని చెబుతున్నా, జిగేల్ అన్న ఈ మాట కరెక్టు. పాత కుర్చీలు అప్పటి నడుములకు చేసినవి. వరసల మధ్య మోకాలు పట్టదు. చాలా చోట్ల బాగుచేశాక సీట్ల సంఖ్య తగ్గుతుంది. మీ కమిటీకి ఈ మాట ముందే చెప్పండి, తర్వాత చెబితే గొడవ. చక్రాల కుర్చీ వాళ్ళకు చోటు ఎక్కడో చివర తలుపు పక్కన కాకుండా మధ్యలో, వాళ్ళతో వచ్చినవాళ్ళ పక్కనే ఉండాలి.

మెత్తలు పెట్టొచ్చు. మనిషి కూర్చున్నా ఖాళీగా ఉన్నా దాదాపు ఒకేలా పీల్చుకునే కుర్చీలు చేస్తారు, కూర్చునే పలక అడుగున చిల్లులు పెట్టి. అప్పుడు సగం నిండిన హాల్లో కూడా శబ్దం మరీ మారదు. పాత కుర్చీల్లో బాగున్నవి ఒక వరసో, బాల్కనీ మొత్తమో అలాగే ఉంచండి. ప్రతి కుర్చీకి నంబరు బిళ్ళ ఉంటే పారేయకండి.

ప్రతిధ్వని
పాతకుర్చీ గారితో ఏకీభవిస్తా. ఏసీ విషయంలో కూడా అంతే. గాలి వేగంగా తోస్తే చప్పుడు. కుర్చీల కింద నుంచి, పెద్ద దారుల్లో, మెల్లగా వదిలితే చప్పుడు ఉండదు. యంత్రం మాత్రం హాలు గోడకు తగలకుండా బయట ఉండాలి.

నిప్పుకన్ను
ఎవరూ నిప్పు మాట ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. నాటకశాలలు ఎక్కువగా పోయేది చెదలతో కాదు, మంటలతో. అందులోనూ బాగుచేసే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. బార్సిలోనాలో లిసేయు నాటకశాల 1994 జనవరి 31న కాలింది. ఎందుకో తెలుసా? అగ్ని నుంచి కాపాడాల్సిన ఇనుప తెరకు రిపేరు చేస్తుంటే ఎగిరిన రవ్వలు బట్ట తెరలకు అంటుకున్నాయి. మళ్ళీ తెరిచింది 1999లో. లా ఫెనీచే కూడా మరమ్మతుల్లోనే కాలింది. పని ఆలస్యమైందని జరిమానా పడుతుందేమోనన్న భయంతో ఎలక్ట్రీషియన్లే నిప్పు పెట్టారని కోర్టు తేల్చింది. పక్క కాలువ బాగుచేయడానికి నీళ్ళు తోడేసి ఉన్నారు, మంటలార్పే పడవలు దగ్గరికి రాలేకపోయాయి. వెనిస్‌లో నీళ్ళు లేక కాలిపోయిన నాటకశాల!

షికాగోలో ఇరోక్వాయ్ థియేటర్ 1903 డిసెంబరు 30న కాలినప్పుడు 600 మంది దాకా పోయారు. తెరిచి ఐదారు వారాలే. నిప్పంటుకోని కట్టడమని ప్రకటనలు వేసుకున్నారు. అగ్ని తెర మధ్యలో ఇరుక్కుపోయింది, చాలా తలుపులు తెరుచుకోలేదు. తోస్తే చాలు బయటికి తెరుచుకునే అడ్డకడ్డీ తలుపులు ఆ తర్వాతే అమెరికాలో బాగా వాడుకలోకి వచ్చాయి.

అందుకని: వెల్డింగ్ చేసే చోటి నుంచి బట్ట, చెక్క, దుమ్ము తీసేసి, పక్కన మనిషిని నిలబెట్టి, పని ఆపాక కూడా ఒక గంట కాపలా ఉంచండి. పాత వైరింగ్ మొత్తం పీకేయండి, దానికి వారసత్వం గీరసత్వం లేదు. తలుపులు బయటికి తెరుచుకోవాలి. తెరలకు మంట త్వరగా అంటుకోని మందు పట్టించాలి, ఉతికితే అది పోతుందని గుర్తుంచుకోవాలి.

గబ్బిలం
"వైరింగ్‌కు వారసత్వం లేదు" అని పలక చెక్కించి గుమ్మానికి కొట్టండి.

చరిత్రపురుగు
లా ఫెనీచే విషయంలో నాకు ఎప్పుడూ మింగుడుపడనిది ఒకటుంది. "ఎలా ఉండేదో అలాగే, ఎక్కడ ఉండేదో అక్కడే" అని నినాదం పెట్టి 2003లో అచ్చంగా పాతదానిలా కట్టి తెరిచారు. ఫొటోలు, పాత నక్షలు, ఆఖరికి అందులో తీసిన 1954 నాటి సినిమా దృశ్యాలు కూడా చూసి నగిషీలు చెక్కారు. చూడముచ్చటగా ఉంది, కాదనను. కానీ అది పాతదా, పాతదాని వేషమా?

పాత కట్టడాలను ఎలా కాపాడాలో నిపుణులు రాసుకున్న 1964 వెనిస్ ఒప్పందపత్రం దీనికి ఒక గీత గీసింది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. కొత్తగా చేర్చింది కొత్తదని తెలియాలి. తెరతాడు గారి బాల్కనీకి బంగారు రంగు ఎక్కడ నుంచి వచ్చింది? అక్కడ ఒకప్పుడు బంగారు రంగు ఉండేదా? ఒక మూల చిన్న గీటు గీసి పొరలు పొరలుగా చూపించమనండి, చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తే ఏ రంగు మీద ఏ రంగు వేశారో వరసగా తెలుస్తుంది. నాకైతే అడుగున లేత ఆకుపచ్చ ఉంటుందని పందెం.

మూడోగంట
పురుగు గారూ, వేషం అయితే తప్పేమిటి? అది నాటకశాల. వేషాలు వేసుకోవడానికే కట్టారు. షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన లండన్ గ్లోబ్ కూడా 1613లో నాటకంలో పేల్చిన ఫిరంగికి గడ్డి కప్పు అంటుకుని కాలింది. ఇప్పుడున్నది 1997లో తెరిచింది. మళ్ళీ గడ్డి కప్పే వేశారు, ఈసారి పైన నీళ్ళు చల్లే గొట్టాలు పెట్టి. అక్కడ నిలబడి చూసేవాడికి ఒళ్ళు పులకరించడం అబద్ధమా?

చరిత్రపురుగు
గ్లోబ్ తాను కొత్తదినని ఒప్పుకుంటుంది. మొత్తం పోయినచోట మళ్ళీ కట్టడం వేరు. తెరతాడు గారి దగ్గర అసలుది నిలబడి ఉంది. అసలుది ఉండగా దాని వేషం ఎందుకు?

తెరతాడు
అందరికీ కృతజ్ఞతలు, నోట్స్ రాసుకుంటున్నాను. ఇంకో సందేహం. మధ్యలో కొన్నాళ్ళు ఇది సినిమా హాలుగా నడిచింది. బాల్కనీ వెనక ప్రొజెక్టర్ గది కట్టారు, చూడటానికి అగ్గిపెట్టెలా ఉంది. అది కొట్టేయొచ్చా? అందరూ కొట్టేయమనే అంటున్నారు, నేను కూడా.

జిగేల్
కొట్టేయండి. ఇందులోనైనా ఏకాభిప్రాయం వస్తుందని ఆశ.

చరిత్రపురుగు
రాదు. కొట్టేయొద్దు. అదే పత్రంలో ఉంది, ఒక కట్టడానికి అన్ని కాలాలూ చేర్చినవాటిని గౌరవించాలని. అక్కడ సినిమా చూసి పెరిగినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, తొలి నాటకం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. లైట్లు, శబ్దం నడిపే గదిగా వాడుకోండి, నేరుగా వేదిక కనిపిస్తుంది.

పాతకుర్చీ
చూపుకు అడ్డం రాకపోతే ఉంచడమే మంచిది. అడ్డం వస్తే ఫొటోలు, కొలతలు తీసి తీసేయండి. ప్రతిదీ దేవుడి గదే అనుకుంటే నాటకం వేయలేం.

తాళ్ళమనిషి
ఇంతసేపు హాలు గురించే. వేదిక వెనక ఏముందో ఎవరూ అడగలేదు. పైన చెక్క జాలీ, కప్పీలు, తాళ్ళు, ఇసుక సంచులు ఉన్నాయా? ఉంటే బంగారం మీ బాల్కనీ అంచుకు కాదు, అక్కడుంది.

స్వీడన్‌లో డ్రాట్నింగ్‌హోమ్ రాజభవనం నాటకశాల 1766 నాటిది. వందేళ్ళకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేక కొట్టుగదిలా పడి ఉంది. 1921లో ఒక పరిశోధకుడు ఏదో బొమ్మ వెతుక్కుంటూ వెళ్ళి చూస్తే దృశ్యాలు మార్చే చెక్క యంత్రాలు, చిత్రించిన తెరలు అలాగే ఉన్నాయి. కొత్త తాళ్ళు కట్టి తిప్పితే తిరిగాయి. మరుసటి ఏడాది మళ్ళీ ప్రదర్శన వేశారు. ఎవరూ బాగుచేయకపోవడం వల్లే మిగిలింది!

పాత తాళ్ళ మీద బరువు వేలాడదీయకండి, చూడటానికి ఎంత బాగున్నా. కప్పీలు, చక్రాలు ఉంచి తాళ్ళు కొత్తవి వేయండి. వేదిక మీద ఈల వేయకూడదని పాత నమ్మకం ఒకటుంది. ఓడల మీద పనిచేసినవాళ్ళు తాళ్ళు లాగే పనికి వచ్చి ఈలలతో సైగ చేసుకునేవారట, ఎవడో సరదాగా ఈల వేస్తే నెత్తి మీద తెర పడేదని.

ఇంకో ముఖ్యమైన మాట. తెర వెనక గోడలు, గ్రీన్‌రూమ్ గోడలు జాగ్రత్త. నటులు పేర్లు, తేదీలు, తిట్లు, అప్పుల లెక్కలు గీకి ఉంటారు. వాటి జోలికి వెళ్ళొద్దు.

తెరతాడు
తాళ్ళమనిషి గారూ, ఈ పోస్టు చదివి గుండె ఆగింది. పోయిన వారం కమిటీలో ఒకాయన "ఫొటోలకు శుభ్రంగా ఉంటుంది" అని గ్రీన్‌రూమ్‌కు వెల్ల వేయించారు. బొగ్గుతో ఏవో రాతలు ఉండేవి. నేను ఒక్క ఫొటో కూడా తీయలేదు.

వెనకబెంచి
అయ్యో.

సున్నపుతట్ట
ఆగండి, ఏడవకండి. వేసింది సున్నమా, ప్లాస్టిక్ ఎమల్షనా?

తెరతాడు
సున్నమే. ఒక చేయి.

సున్నపుతట్ట
అయితే ఆశ ఉంది. నీళ్ళతో కడగకండి, గీకకండి, గుడ్డతో తుడవకండి. బొగ్గు రాత గోడకు అంటుకుని ఉండదు, తడిస్తే సున్నంతో పాటే వచ్చేస్తుంది. పాత గోడ చిత్రాల మీది వెల్లను చిన్న కత్తితో పొడిగా పెచ్చులుగా లేపే నిపుణులు ఉన్నారు. బొటనవేలంత చోట ముందు ప్రయత్నించమనండి. వస్తే మిగతాది. రాకపోతే అలాగే వదిలేయండి, సున్నం కిందే భద్రంగా ఉంటుంది. తర్వాతి వాళ్ళెవరో తీస్తారు.

జిగేల్
ఇది మాత్రం నాక్కూడా బాధేసింది. నిజంగా.

పద్దుపుస్తకం
అందరూ ఎలా బాగుచేయాలో చెప్పారు. తర్వాత ఎవరు నడుపుతారు? ఏడాదికి ఎన్ని రోజులు దీపం వెలుగుతుంది? ముంబయి రాయల్ ఒపేరా హౌస్ చూడండి. 1911లో ప్రారంభం, తర్వాత సినిమాలు, 1993లో మూత, 2016లో మళ్ళీ తెరిచారు. ఇరవై మూడేళ్ళు! కట్టడం వల్ల మూతపడలేదు, జనం రాక మూతపడింది. జనం లేకపోతే కొత్త కప్పు కింద కూడా మళ్ళీ గబ్బిలాలే, ఏమీ అనుకోకండి గబ్బిలం గారూ.

వాడకం మార్చడం కూడా ఒక దారి. బ్యూనస్ ఐరిస్‌లో 1919 నాటి గ్రాండ్ స్ప్లెండిడ్ నాటకశాల ఇప్పుడు పుస్తకాల షాపు. బాల్కనీలు, కప్పు మీది చిత్రం, తెర అన్నీ ఉన్నాయి. వేదిక మీద కాఫీ ఇస్తారు.

మూడోగంట
వేదిక మీద కాఫీయా? చచ్చిన ఏనుగు దంతాలు గోడకు తగిలించినట్టు.

పద్దుపుస్తకం
డెట్రాయిట్‌లో 1926 నాటి మిషిగన్ థియేటర్ ఇప్పుడు కార్ల పార్కింగ్. పైన నగిషీల కప్పు సగం ఊడి వేలాడుతూ, కింద కార్లు. కొట్టేస్తే ఆనుకుని ఉన్న ఆఫీసు భవనానికి ముప్పని అలా వదిలేశారు. కాఫీ నయం కాదూ?

మూడోగంట
...నయమే. ఒప్పుకున్నాను, కానీ పంచదార లేకుండా.

తాళ్ళమనిషి
కట్టడమే వారసత్వం అనుకుంటే సురభి వాళ్ళను ఏమనాలి? 1885లో మొదలుపెట్టి తరతరాలుగా టెంట్లు, రేకుల షెడ్ల కింద ఆడారు. గాల్లో రథాలు, మాయమయ్యే మనుషులు, అన్నీ తీగలతో, తాళ్ళతో. ఆ పని తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది. మీ నాటకశాలలో ఆ కప్పీలు తిప్పిన ముసలాయన ఎవరైనా బతికుంటే ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. గోడ ఆగుతుంది, ఆయన ఆగడు.

తెరతాడు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. కాంట్రాక్టర్‌ను మార్చాం. ముందు కప్పు, తూములు, ఒక వానాకాలం చూశాకే లోపలి పని అని తీర్మానం రాశాం. ఐదుగురు అవును, ఇద్దరు కాదు, ఒకాయన నిద్ర. కార్పెట్, ఫాల్స్ సీలింగ్ పోయాయి. కుర్చీలకు పాతకుర్చీ గారి పద్ధతే. ప్రొజెక్టర్ గది మీద గొడవ ఇంకా నడుస్తోంది.

పాత రోజుల్లో తెర లాగిన ఒకాయన దొరికారు. పైకి ఎక్కలేరు, కింద నిలబడి కర్రతో చూపిస్తూ ఏ తాడు దేనిదో చెప్పారు, మొత్తం వీడియో తీశాం.

గ్రీన్‌రూమ్ గోడ మీద వెల్ల తీయడం తెలిసినావిడ వచ్చారు. బొటనవేలంత అన్నారు కదా, అరచేయంత చోట వచ్చింది. కింద బొగ్గుతో: "రెండో అంకం. తాడు మెల్లగా. పోయినసారి రాజు గారి కిరీటం పోయింది."

గబ్బిలం
కిరీటం దొరికిందా?

ప్రతిధ్వని
అది తర్వాత. బెలూన్లు పగలగొట్టారా లేదా?

తెరతాడు
పన్నెండు. మీవాళ్ళు నిజంగానే ఎగిరారు గబ్బిలం గారూ, రికార్డింగులో ఆ రెక్కల చప్పుడు కూడా ఉంది.